గజం 14 డాలర్ల గుడ్డని అమ్మ గోటితో గీకింది

అమ్మ ఆర్నెల్లు ఉందామని హ్యూస్టన్ వచ్చింది. పియర్‌ల్యాండ్ మీనాక్షి గుడీ, గాల్వెస్టన్ సముద్రం, కాస్ట్‌కో అన్నీ రెండు వారాల్లో అయిపోయాయి. ఇంక చూపించడానికి ఏమీ మిగలక నేనెప్పుడూ వెళ్ళే క్విల్ట్ షాపుకి తీసుకెళ్ళాను (క్విల్ట్ అంటే గుడ్డ ముక్కలు కలిపి కుట్టేది, మన బొంతలాంటిది). గోడల నిండా తాన్లు నిలబెట్టి ఉంటాయి, రంగుల వరసలో, చూస్తే కళ్ళు చెదురుతాయి. అమ్మ రంగులు చూడనే లేదు. నేరుగా ఒక తాను దగ్గరికెళ్ళి, కొస పట్టుకుని, బొటనవేలి గోటితో రెండుసార్లు గీకింది. తర్వాత వేలు తడి చేసుకుని (ఎలా చేసుకుందో చెప్పను, మీకు తెలుసు) అదే చోట రుద్దింది, గుడ్డని ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టి చూసింది, పిడికిట్లో గట్టిగా నలిపి వదిలింది. కౌంటర్ దగ్గర ఉన్న పెద్దావిడ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని మమ్మల్నే చూస్తోంది. నాకు భూమిలోకి దూరిపోవాలనిపించింది.

"దీనికి గంజి బాగా దట్టించారే. ఎంత?"

"గజం 14 డాలర్లు."

అమ్మ పెదాలు కదుపుతూ లెక్క వేసుకుంది. "పన్నెండు వందలా? చీర మొత్తానికా, గజానికా?"

గజానికే అని చెప్పాక ఆ తానుని చంటిపిల్లని పడుకోబెట్టినంత జాగ్రత్తగా ఎక్కడిదక్కడ పెట్టేసింది.

నేను క్విల్టింగ్ మొదలుపెట్టి ఏడేళ్ళయింది. గుడ్డ చూసి కొనడం రావడానికి నాకు పట్టిన డబ్బూ, ఏడుపూ తక్కువేం కాదు. అమ్మ చీరాలలో పుట్టి పెరిగింది, ఇంటికి అటూ ఇటూ మగ్గాలే, క్విల్టింగ్ అనే మాట మొదటిసారి నా నోటే విన్నది, అయినా నేను ఏడేళ్ళలో నేర్చుకున్నవాటిలో సగం అర నిమిషంలో చేసి చూపించింది. అందుకే ఈ పోస్టు. ఈమధ్య క్విల్టింగ్ మొదలుపెట్టిన మన స్నేహితురాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "టులా పింక్ మంచిదా, కేఫ్ ఫాసెట్ మంచిదా?" (ఇద్దరూ క్విల్ట్ గుడ్డల మీదికి బొమ్మలు గీసే డిజైనర్లు. అన్నట్టు రెండో ఆయన పేరు కఫే కాదు, కేఫ్. నేను రెండేళ్ళు తప్పుగానే పలికాను, ఎవరూ దిద్దలేదు.) చీర నేత ఎలా ఉందని అడగాల్సింది పోయి బోర్డర్ బొమ్మ ఎవరు గీశారని అడిగినట్టుంది ఈ ప్రశ్న.

డిజైనర్ గుడ్డ ఎలా తయారవుతుందో తెలిస్తే ఈ గందరగోళం చాలావరకు పోతుంది. డిజైనర్ నేత నేయరు, అద్దకం అద్దరు. బొమ్మలు గీస్తారు, ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలో తేలుస్తారు, దాన్ని ఒక ఫ్యాబ్రిక్ కంపెనీకి ఇస్తారు. కంపెనీ వాళ్ళు మిల్లు నుంచి కోరా గుడ్డ కొని దానిమీద ఆ బొమ్మని ప్రింట్ చేయిస్తారు. ఈ కోరా గుడ్డని ఇక్కడ గ్రేజ్ అని రాసి గ్రే అని పలుకుతారు. డిజైనర్ పేరు, కంపెనీ పేరు గుడ్డ పక్క అంచు మీద, అంటే సెల్వేజ్ మీద అచ్చవుతాయి. మనం మురిసిపోయేది ఆ పేరు చూసి, ఉతికేదీ ఇస్త్రీ చేసేదీ దాని కింద ఉన్న కోరా గుడ్డని. ఆ గుడ్డ మంచిదైతేనే బొమ్మ నిలుస్తుంది.

ఒకే పేరుతో వేరు వేరు గుడ్డలు కూడా వస్తాయి. కేఫ్ ఫాసెట్ పెద్ద పెద్ద పువ్వుల ప్రింట్లు మామూలు క్విల్టింగ్ కాటన్ మందంలో ఉంటాయి. ఆయన పేరు మీదే షాట్ కాటన్ అని ఇంకోటుంది, పడుగు (నిలువు పోగు) ఒక రంగు, పేక (అడ్డ పోగు) ఒక రంగు, మన షాట్ కలర్ చీరల్లాగే మడత పెడితే రంగు మారుతుంది, నేసేది ఇండియాలోనే. అది పల్చన, వదులు నేత, పోగులు తొందరగా జారతాయి. ఆ రెండిట్నీ ఒకే బ్లాకులో, అంటే ముక్కలు కలిపి కుట్టే ఒక చదరంలో, కలిపి కుట్టి, రెండోది ఎందుకు లాగేస్తోందో అర్థంకాక నేను ఒక ఆదివారం మొత్తం పాడుచేసుకున్నాను.

సరే, అమ్మ వరసలోనే వెళ్తాను. ముందు గంజి.

కొత్త గుడ్డ పట్టుకోగానే గరుకుగా, కడక్‌గా ఉందంటే అది నేత గట్టిదనం కావచ్చు, గంజి కావచ్చు, తేల్చుకోవాలి. గోటితో గీకితే తెల్లటి పొడిలాంటిది లేచిందా, గీత పడ్డచోట పోగులు పక్కకి జరిగాయా చూడండి. పిడికిట్లో నలిపి రెండు చేతుల మధ్య చపాతీ పిండి మర్దించినట్టు ఒక పది సెకన్లు రుద్దండి. మంచి గుడ్డ కాస్త మెత్తబడుతుంది కానీ అదే గుడ్డలా ఉంటుంది. గంజి మీద నిలబడ్డ గుడ్డ వేలాడిపోయి గాయానికి కట్టే గాజు గుడ్డలా అయిపోతుంది. మన ఊళ్ళో చవక లంగా గుడ్డ మొదటి ఉతుకుతో ఎలా నీరసపడిపోయేదో గుర్తుంది కదా, అదే. గంజి ఉండటం తప్పేం కాదు, నేను కూడా కత్తిరించే ముందు స్ప్రే గంజి కొట్టి ఇస్త్రీ చేస్తాను, అంచులు కదలకుండా ఉంటాయని. కాకపోతే అది నేను పెట్టిన గంజి అయి ఉండాలి.

తర్వాత పోగుల లెక్క. దీనిమీద ఇంటర్నెట్ నిండా సగం సగం మాటలే, నేనూ చాలాకాలం నమ్మాను. క్విల్టింగ్ కాటన్‌లో 60 బై 60 అంటే అంగుళానికి పడుగు పోగులు 60, పేక పోగులు 60. రాబర్ట్ కాఫ్‌మన్ వాళ్ళ కోనా కాటన్ అని ప్లెయిన్ రంగుల గుడ్డ ఉంది (మన కోనసీమకి సంబంధం లేదు, నేను ఆశపడ్డాను), అది 60 బై 60, 44 అంగుళాల పన్నా. నేను దాన్నే కొలబద్దగా పెట్టుకున్నాను, ఏ కొత్త గుడ్డ వచ్చినా ఒక కోనా ముక్క పక్కన పెట్టి చూస్తాను. దుప్పట్లవాళ్ళు రెండూ కలిపి పెద్ద నంబర్ చెప్తారు, కాబట్టి ఆ లెక్క ఇక్కడికి తేకండి. మన చీరాల, మంగళగిరి వైపు 80లు, 100లు అంటారే, అది ఇంకో లెక్క, అది పోగు సన్నదనం. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అంత కౌంటు, నంబర్ పెరిగేకొద్దీ నూలు సన్నం. ఇవన్నీ కలిపేసి "మా దాంట్లో కౌంట్ ఎక్కువ" అనేవాళ్ళతో వాదించకండి, టైం వేస్ట్.

ఈ పోగుల సంఖ్య వల్ల ఏమవుతుంది అంటే, క్విల్టింగ్‌లో కుట్టుకి వదిలేది పావంగుళమే. జాకెట్‌కి వదిలినట్టు అంగుళం, అంగుళంన్నర ఉండదు. అంగుళానికి 60 పోగులున్న గుడ్డలో ఆ పావంగుళంలో కుట్టుకి సమాంతరంగా 15 పోగులు ఉంటాయి. కత్తిరించి, అటూ ఇటూ తిప్పి, మెషిన్ కింద పెట్టేలోపు రెండు మూడు జారిపోతాయి, ఇంకా 12 పట్టుకుని ఉంటాయి, కుట్టు నిలుస్తుంది. అదే 44 పోగుల వదులు గుడ్డ అయితే మొదలే 11, పైగా వదులు కాబట్టి నాలుగైదు జారతాయి, మిగిలేవి ఆరో ఏడో. ఆ ఆరు పోగుల మీద మీ మూడు నెలల కష్టం వేలాడుతూ ఉంటుంది, పిల్లలు దాన్ని పట్టుకుని సోఫా మీంచి దూకుతారు. లెక్కపెట్టడానికి నా దగ్గర చిన్న మడత భూతద్దం ఉంది, మధ్యలో చదరపు కంత ఉంటుంది, గుడ్డ మీద బోర్లించి సూదిమొనతో ఒక్కో పోగూ జరుపుకుంటూ లెక్కపెట్టాలి. మొత్తం అంగుళం లెక్కపెడితే కళ్ళు తిరుగుతాయి, పావంగుళం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. ఫోన్ కెమెరాతో పెద్దగా ఫోటో తీసి స్కేలు పక్కన పెట్టుకున్నా సరిపోతుంది.

అలాగని పోగులు ఎంత ఎక్కువైతే అంత మంచిదని కాదు. బాటిక్ గుడ్డలు మామూలు వాటికన్నా బాగా బిగుతుగా ఉంటాయి, అంచులు చక్కగా నిలుస్తాయి, మెషిన్‌కి బ్రహ్మాండం. చేత్తో కుట్టి చూడండి, సూది దిగనంటుంది, పొరపాటున కుట్టు విప్పితే సూది పడ్డచోటల్లా చుక్కలు కనిపిస్తూనే ఉంటాయి. చేతికుట్టుకి నేను బాటిక్ జోలికే వెళ్ళను.

లైటుకి ఎదురుగా పట్టి చూసేది ఎందుకంటే సాంద్రత ఒక్కటే కాదు, నేత సమంగా ఉందా లేదా అని. అక్కడక్కడా లావు పోగులు, అక్కడక్కడా కిటికీల్లా సందులు ఉంటే అది మిల్లు నేత బాగాలేదని. చేనేతలో ఆ లావు పోగు అందమే, ఇది చేనేత కాదు కదా, 14 డాలర్లు తీసుకున్నాక మిల్లు నేత సమంగా ఉండాలి. ఇంకో సంగతి, తెల్ల గుడ్డ వెనక ముదురు రంగు కుట్టు మడత కనపడుతుందా లేదా అనేది కూడా ఈ లైటు దగ్గరే తెలిసిపోతుంది.

ఇప్పుడు ప్రింట్. సెల్వేజ్ మీద చిన్న చిన్న రంగు చుక్కలు వరసగా ఉంటాయి, చూసే ఉంటారు. ఆ ప్రింట్‌లో వాడిన ఒక్కో రంగుకీ ఒక్కో చుక్క. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్, అన్ని స్క్రీన్లూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడాలి. ఒక్కటి జరిగినా ఆకుపచ్చ ఆకు నల్ల గీత దాటి బయటికి వచ్చేస్తుంది, గీతకీ రంగుకీ మధ్య తెల్లటి సన్న చార మిగులుతుంది. నా దగ్గర ఒక గజం పక్షుల ప్రింట్ ఉంది, కన్ను నల్లచుక్క పక్కకి జరిగి తానులో ఉన్న పక్షులన్నిటికీ మెల్లకన్ను. పెడనలో చెక్క అచ్చులు చేత్తో అద్దేచోట కొంచెం అటూ ఇటూ అయితే దాన్ని లోపం అనను, ప్రతి రంగుకీ మనిషి చేయి లేచి దిగుతోంది కాబట్టి. యంత్రం మీద జరిగితే మాత్రం వెనక్కి ఇచ్చేస్తాను.

ఈమధ్య డిజిటల్ ప్రింట్లు ఎక్కువయ్యాయి. ఎన్ని రంగులైనా వస్తాయి, నీటిరంగుల బొమ్మలా నీడలు బాగా పడతాయి, చూడ్డానికి సూపర్. వెనక్కి తిప్పి చూడండి. వెనక తెల్లగా ఉందంటే రంగు లోపలికి దిగలేదు, పైపైనే ఉంది. ముదురు రంగులైతే మడత మీద, కుట్టు మీద వాడేకొద్దీ తెల్లబారుతుంది. గోడకి తగిలించే క్విల్ట్‌కి ఏం పర్లేదు, మంచం మీదికి అయితే ఆలోచించుకోండి.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. గళ్ళు, చారలు, వరసలో చుక్కలు ఉన్న ప్రింట్ కొనేముందు రెండు సెల్వేజ్‌లు కలిపి మడిచి చూడండి. ప్రింట్ పోగు వెంట తిన్నగా పడిందా, ఏటవాలుగా పడిందా తెలిసిపోతుంది. ఏటవాలు పడితే మీ దగ్గర రెండే దారులు, పోగు వెంట కత్తిరిస్తే చార వంకర, చార వెంట కత్తిరిస్తే గుడ్డ క్రాస్‌లో పడి సాగిపోతుంది. టైలర్ దగ్గర చదువుకోని మనకి క్రాస్ అంటే ఎంత ప్రమాదమో మొదటి బ్లాక్ అప్పడంలా లేచినప్పుడు గానీ తెలియదు.

ఇక నీళ్ళు. ఇక్కడ నా కథ చెప్పాలి, తప్పించుకోలేను.

మా తోడికోడలికి మొదటి కాన్పు. బేబీ క్విల్ట్ కుడతానని సీమంతంలో అందరి ముందూ ప్రకటించేశాను. తెలుపు, ఎరుపు, మధ్యలో బూడిద రంగు కుందేళ్ళు. తెలుపు మంచిదే కొన్నాను. ఎరుపు మాత్రం ఒక ఆన్‌లైన్ డిస్కౌంట్ సైట్‌లో గజం 6 డాలర్లకి దొరికింది, "డిజైనర్ క్వాలిటీ" అని రాశారు. డిజైనర్ ఎవరో రాయలేదు, నేనూ అడగలేదు. చేతికి బాగానే ఉంది. రెండు నెలలు కుట్టాను, ఇచ్చాను, ఫోటోలు తీసుకున్నాం. వారం తర్వాత ఫోన్. "అక్కా, ఉతికితే తెలుపంతా రోజ్ మిల్క్ రంగు వచ్చింది, పర్లేదక్కా, ఇదీ బాగానే ఉంది." ఆ "పర్లేదక్కా" నాకు ఇప్పటికీ చెవుల్లో మోగుతుంది.

అదృష్టం ఏంటంటే ఆ అమ్మాయి దాన్ని డ్రయ్యర్‌లో వేయలేదు. వేడికి ఆ రంగు ఇంకా గట్టిగా పట్టుకుంటుందని అంటారు. వెళ్ళి తెచ్చుకుని, బాత్‌టబ్ నిండా కుళాయిలో వచ్చే అత్యంత వేడి నీళ్ళు నింపి, గిన్నెలు తోమే లిక్విడ్ అర కప్పు పోసి, క్విల్ట్ మొత్తం మునిగేలా నొక్కి, పైన బరువు పెట్టి పన్నెండు గంటలు వదిలేశాను. ఎక్కువ నీళ్ళుంటే వదిలిన రంగు నీళ్ళలో తేలుతూ ఉంటుంది, మళ్ళీ తెలుపు మీద కూర్చోదు, కిటుకంతా అదే. పొద్దున్న లేచి చూస్తే టబ్బు నిండా రూహ్ అఫ్జా. అలా మూడుసార్లు. తెలుపు దాదాపు తెలుపైంది, ఒక మూల కుందేలు చెవి దగ్గర మాత్రం లేత గులాబీ ఉండిపోయింది.

అప్పట్నుంచి ముదురు రంగు గుడ్డ ఎవరిదైనా, ఎంత పేరున్నవాళ్ళదైనా, రెండంగుళాల ముక్క కత్తిరించి గాజు గిన్నెలో వేడినీళ్ళు, ఒక చుక్క లిక్విడ్ వేసి అరగంట ఉంచుతాను. నీళ్ళు చూడండి, తర్వాత ఆ తడి ముక్కని తెల్ల గుడ్డ మీద పెట్టి ఆరనివ్వండి, కింద మచ్చ పడిందా చూడండి. తడి గుడ్డతో ఒకటి, పొడి గుడ్డతో ఒకటి రుద్దండి. పొడిగా రుద్దినా రంగు వస్తే అది పైన కూర్చున్న రంగు, అలాంటిది ఎన్ని ఉతుకులకైనా కొంచెం కొంచెం వస్తూనే ఉంటుంది. ఎరుపు, ముదురు నీలం, వంకాయ రంగు, వీటిని అసలు నమ్మకండి.

"ఉప్పునీళ్ళలో నానబెట్టు, రంగు ఆగుతుంది" అని అమ్మ, పెద్దమ్మ, పక్కింటి ఆంటీ అందరూ అన్నారు. వెనిగర్ అని అమెరికా ఆంటీలు. మిల్లులో అద్దకం అయిపోయి వచ్చిన కాటన్‌కి ఈ రెండూ పనిచేయవు. రంగు ఆగినట్టు కనిపించేది ఉప్పు వల్ల కాదు, ఆ నానబెట్టడంలో వదలాల్సింది వదిలేసింది కాబట్టి. అమ్మతో ఈ మాట అన్నాను, "అయితే మేమంతా పిచ్చివాళ్ళమా" అంది. ఇక పొడిగించలేదు.

ఉతికితే దగ్గరపడటం కూడా ఇప్పుడే చూసుకోవాలి. పది అంగుళాల చదరం పెన్నుతో గీసి, ఉతికి, డ్రయ్యర్‌లో ఆరబెట్టి మళ్ళీ కొలవండి. మూడు నుంచి ఐదు శాతం వరకు మామూలే. అన్ని గుడ్డలూ ఒకేలా దగ్గరపడితే క్విల్ట్‌కి చక్కటి ముడతల అందం వస్తుంది, చాలామందికి అదే ఇష్టం. ఒక గుడ్డ రెండు శాతం, పక్కది ఏడు శాతం అయితే మాత్రం బ్లాకులు కుక్క చెవుల్లా ముడుచుకుంటాయి. నిలువుకీ అడ్డానికీ తేడా ఎక్కువ ఉన్నా అంతే.

ఇక్కడో మాట. మా అమ్మమ్మ కుట్టిన బొంత ఒకటి నా దగ్గరుంది. పాత నేత చీరలు నాలుగు పొరలు, పైన రంగు రంగుల ముక్కలు, లావు దారంతో వరసగా టాకాలు. దాంట్లో నల్లంచు ముక్క తెల్ల ముక్క పక్కనే ఉంది, ముదురు ఎరుపు పక్కన లేత పసుపు ఉంది, ఇన్నేళ్ళలో ఒక్క చుక్క రంగు పక్కదానిమీదికి పోలేదు, ఒక్క ముక్క గుంజుకోలేదు. నేను దాన్ని అమ్మమ్మ పనితనం అనుకునేదాన్ని. పనితనమే, కానీ అసలు సంగతి వేరే. ఆ చీరలు బొంతలోకి రాకముందే పది పదిహేనేళ్ళు బండమీద బాదించుకున్నాయి. వదలాల్సిన రంగంతా కాలవలో వదిలేశాయి, దగ్గరపడాల్సినంతా దగ్గరపడ్డాయి, నిలవని పోగులు ఎప్పుడో పోయాయి. బొంతకి చేరిందంటేనే ఆ గుడ్డ అన్ని పరీక్షలూ పాసైనట్టు. మేం కొత్త గుడ్డతో కుడతాం కాబట్టి ఆ పదేళ్ళ పరీక్షనీ గాజు గిన్నెలో అరగంటలో పెట్టుకోవాల్సి వస్తోంది. అలబామాలో గీస్ బెండ్ అనే ఊళ్ళో నల్లజాతి ఆడవాళ్ళు పాత పనిబట్టలతో కుట్టిన క్విల్ట్‌లు ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి, వాటిని చూసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ బొంతే.

ఎరుపు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట కూడా చెప్పేస్తాను. ఉతికితే పోని ఎరుపు కోసం యూరప్ వాళ్ళు ఒకప్పుడు ఎగబడింది మన బందరు తీరం నుంచి వెళ్ళిన అద్దకం గుడ్డలకే. చిరివేరు నుంచి ఎరుపు, దాన్ని నూలులో కట్టిపడేయడానికి పటిక. పటిక పట్టిన చోటే రంగు పడుతుంది, పడ్డది పోదు. ఎంత మోజంటే, తమ నేతగాళ్ళు గోల పెట్టడంతో ఫ్రాన్స్ 1686లో ఈ గుడ్డల్ని నిషేధించి 1759 దాకా ఎత్తలేదు, ఇంగ్లండ్ 1700లో ఒకసారి, 1721లో ఇంకా గట్టిగా చట్టాలు చేసింది. ఆ గుడ్డ దొరికినవాళ్ళు చిన్న ముక్క కూడా పారేయకుండా పువ్వుల్నీ పిట్టల్నీ చుట్టూ కత్తిరించి తెల్ల గుడ్డ మీద కుట్టి క్విల్ట్‌లు చేసుకున్నారు. ఇప్పుడు నేను టెక్సాస్‌లో కూర్చుని గజం 6 డాలర్ల ఎరుపు దిగిపోయిందని బాత్‌టబ్ పక్కన ఏడుస్తున్నాను.

ఆన్‌లైన్‌లో కొనడం గురించి అడుగుతున్నారు. 2025లో జోయాన్ అనే గుడ్డల షాపులన్నీ మూతపడ్డాక దగ్గర్లో తాకి చూసి కొనే చోటు లేనివాళ్ళు చాలామంది ఉన్నారు, తెలుసు. నేను చేసేది ఇది. సెల్వేజ్ ఫోటో లేకపోతే అడుగుతాను, కంపెనీ పేరు, డిజైనర్ పేరు అచ్చులో కనపడాలి. "డిజైనర్ ఇన్‌స్పైర్డ్" లాంటి మాట కనపడితే వెంటనే ట్యాబ్ మూసేస్తాను. ముందు ఒక ఫ్యాట్ క్వార్టర్, అంటే 18 బై 22 అంగుళాల ముక్క తెప్పించుకుని పైన చెప్పినవన్నీ చేస్తాను. నచ్చితే వెంటనే కావాల్సినదానికన్నా అరగజం ఎక్కువే కొంటాను, ఎందుకంటే డిజైనర్ కలెక్షన్లు చాలావరకు ఒకసారి ప్రింట్ చేసి వదిలేస్తారు, ఆర్నెల్ల తర్వాత వెతికితే దొరకవు, మళ్ళీ వేసినా రంగు కాస్త తేడా వస్తుంది.

అనుమానం ఉంటే కాల్చి చూడండి. అమ్మ ఇక్కడ కూడా నన్ను ఆశ్చర్యపరిచింది. కాటన్ అని వచ్చిన ఒక పార్సిల్ విప్పి, నాలుగు పోగులు లాగి, దేవుడి దగ్గర దీపానికి చూపించింది. పోగు చివర కరిగి గట్టి నల్లపూసలా ముద్దకట్టింది. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడైపోవాలి. "పాలిస్టర్ కలిసింది, పంపించెయ్" అని దీపం వత్తి సరిచేసుకుంది. నేను అప్పటికి రిటర్న్ పాలసీ కూడా చదవలేదు. మీరు చేసేటప్పుడు మాత్రం సింక్‌లో, పక్కన నీళ్ళు పెట్టుకుని చేయండి.

ధర చూసి నాణ్యత అంచనా వేయొచ్చా అంటే, కొంతవరకు. 14 డాలర్లలో బొమ్మ గీసినావిడ వాటా, కంపెనీ వాటా, షాపు అద్దె అన్నీ ఉంటాయి, గుడ్డ ఒక్కటే కాదు. సేల్‌లో 8 డాలర్లకి వచ్చిన పోయినేటి కలెక్షన్ గుడ్డ, కొత్తది 14 పెట్టి కొన్నదాని అంత మంచిదే, పాతబడింది ఫ్యాషనే. 14 పెట్టీ మెల్లకన్ను పక్షుల్ని కొనుక్కున్నదాన్ని కూడా నేనే. క్విల్ట్ వెనక వైపుకి ఖరీదైన డిజైనర్ గుడ్డ వేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, అది నా గోల.

అక్టోబర్‌లో ఇక్కడ జార్జ్ ఆర్ బ్రౌన్ సెంటర్‌లో ఇంటర్నేషనల్ క్విల్ట్ ఫెస్టివల్ జరిగింది, అమ్మని తీసుకెళ్ళాను. వేలాడదీసిన క్విల్ట్‌లని ముట్టుకోకూడదు. వెనకవైపు చూడాలంటే తెల్ల గ్లౌజులు వేసుకున్న వాలంటీర్లు ఉంటారు, వాళ్ళు వచ్చి అంచు ఎత్తి చూపిస్తారు. అమ్మ ముందే చేతులు వెనక్కి కట్టుకుంది, నేనేమీ చెప్పలేదు. ప్రతి క్విల్ట్ దగ్గరా ఆ గ్లౌజులావిడని సైగ చేసి పిలవడం, వెనక కుట్టు చూడడం, తల ఊపడం. ఆవిడకి తెలుగు రాదు, అమ్మకి ఇంగ్లిష్ అంతంతమాత్రం, గంటసేపు ఇద్దరూ తెగ మాట్లాడుకున్నారు. పక్క హాల్లో గుడ్డల స్టాల్స్‌కి వెళ్ళాక చేతులు విప్పుకుంది. అక్కడ ముట్టుకోవచ్చు కదా. ఒక టులా పింక్ ఉడుతల తాను దగ్గర గోటితో గీకి, నలిపి, వెనక్కి తిప్పి, "ఇది బాగుందే" అంది. నా దగ్గర పది నెలలుగా ఉన్నది అదే గుడ్డ, ఇంట్లో చూపిస్తే "ఈ ఎలకలేంటి" అని పక్కన పెట్టింది.

ఒక గజం కొనిచ్చాను. జాకెట్ కుట్టించుకుంటానని ఊరు పట్టుకెళ్ళింది. క్విల్టింగ్ కాటన్ జాకెట్‌కి బాగుండదమ్మా, కొంచెం బిరుసు అని చెప్పాను, వినలేదు. పోయిన వారం వీడియో కాల్‌లో వేసుకుని చూపించింది, ఉడుతలు భుజాల మీద సరిగ్గా కూర్చున్నాయి, "చంకల దగ్గర గుచ్చుకుంటోందే, నాలుగు ఉతుకులు పడితే సర్దుకుంటుందిలే" అంది. బదులుగా పెడన నుంచి రెండు గజాల కలంకారీ పంపింది, ముదురు ఎరుపు మీద నల్ల గీతలు. ప్రస్తుతం దాని ముక్క గాజు గిన్నెలో ఉంది. ఐదుసార్లు నీళ్ళు మార్చాను, ఇంకా లేత టీ రంగు వస్తోంది, కానీ మొదటిసారి కంటే చాలా తక్కువ. రేపు పొద్దున్న ఇంకోసారి మార్చి, తెల్ల గుడ్డ మీద పెట్టి చూస్తాను.